శక్తి ఎనిమిది రెట్లు, గింజ మూడు రెట్లు

వ్యవసాయ యాంత్రీకరణ మీద ఏ సభ జరిగినా రెండు జతల అంకెలు తెర మీదికి వస్తాయి. 1960-61లో మన దేశంలో హెక్టారు సాగు భూమికి అందుబాటులో ఉన్న శక్తి సుమారు 0.3 కిలోవాట్. 2018-19 నాటికి అది 2.49 కిలోవాట్లు. అదే కాలంలో ఆహార ధాన్యాల సగటు దిగుబడి హెక్టారుకు 710 కిలోల నుంచి 2,300 కిలోల దరిదాపుకు చేరింది. అంటే శక్తి ఎనిమిది రెట్లు, గింజ మూడు రెట్లు పెరిగాయి. కాబట్టి యంత్రాలు పెంచితే దిగుబడి పెరుగుతుందని వక్త ముగిస్తాడు, సభ చప్పట్లు కొడుతుంది.

కిలోవాట్లూ హెక్టార్లూ మన ఊరి కొలతలు కావు గనుక ముందు వాటిని ఎకరాల్లోకి దించుకుందాం. ఒక కిలోవాట్ అంటే సుమారు 1.34 హార్స్ పవర్. ఒక హెక్టారు 2.47 ఎకరాలు. గట్టి ఎద్దుల జత బలం ఇంచుమించు ఒక హార్స్ పవర్. ఈ లెక్కన 1960లో ఆరెకరాలకు కలిపి ఒక అరక బలం ఉండేది. ఇప్పుడు అదే ఆరెకరాలకు ఎనిమిది అరకల బలం ఉంది. మనుషులు, పశువులు, ట్రాక్టర్లు, ఇంజన్లు, మోటార్లు అన్నీ కలిపితే వచ్చే అంకె ఇది.

ఇక అసలు సందేహం. ఈ రెండు పెరుగుదలలకూ ఉన్న చుట్టరికం ఏమిటి? కాకి వాలడం, తాటిపండు పడటం ఒకేసారి జరిగితే కాకతాళీయం అంటాం. ఇక్కడ మరీ కాకతాళీయమని కొట్టిపారేయలేం. అలాగని కాకి బరువుకే పండు రాలిందనీ చెప్పలేం. ఆ అరవై ఏళ్లలోనే పొట్టి రకం వరి, గోధుమలు వచ్చాయి. యూరియా వచ్చింది, కాలువలూ బోర్లూ వచ్చాయి. పెరిగిన గింజలో ఎవరి వాటా ఎంతో తేల్చాలంటే ఒక్కొక్క పనినీ విడదీసి చూడాల్సిందే.

విడదీసి చూడటానికి అమెరికా మొక్కజొన్న మంచి ఉదాహరణ. 1866 నుంచి 1930ల నడుమ దాకా అక్కడ ఎకరాకు సగటు దిగుబడి 26 బుషెళ్ల దగ్గరే, అంటే దాదాపు 660 కిలోల దగ్గరే, ఆగిపోయి ఉంది. ఆ డెబ్బై ఏళ్లలోనే గుర్రపు నాగళ్లు, కోత యంత్రాలు, చివరికి ట్రాక్టర్లు వచ్చాయి. 1920లో రెండున్నర లక్షలున్న ట్రాక్టర్లు 1930 నాటికి తొమ్మిది లక్షలు దాటాయి. దిగుబడి మాత్రం కదల్లేదు. హైబ్రిడ్ విత్తనం, ఆ తర్వాత నత్రజని ఎరువు వచ్చాకే అది లేచింది. ఇప్పుడు ఎకరాకు నాలుగున్నర టన్నుల దాకా ఉంది. ట్రాక్టర్ ఆ డెబ్బై ఏళ్లూ పెంచింది ఒక మనిషి సాగు చేయగలిగే భూమిని. ఎకరాకు ఎంత పండింది, మనిషికి ఎంత పండింది అనేవి రెండు వేర్వేరు లెక్కలు. మన చర్చల్లో ఈ రెండూ ఎప్పుడూ కలగలిసిపోతుంటాయి.

ఇదే సంగతిని మన పక్కనే, హైదరాబాద్ శివార్లలోని పటాన్‌చెరులో కూర్చుని ఒకాయన దక్షిణాసియా అంతటికీ తేల్చి చెప్పాడు. అక్కడి పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పనిచేసిన ఆర్థికవేత్త హాన్స్ బిన్స్‌వాంగర్ 1978లో ‘ది ఎకనామిక్స్ ఆఫ్ ట్రాక్టర్స్ ఇన్ సౌత్ ఏషియా’ అనే సమీక్ష వెలువరించాడు. ట్రాక్టర్ రైతులనూ ఎద్దుల రైతులనూ పోల్చిన సర్వేలన్నింటినీ పోగేసి చూశాడు. ట్రాక్టర్ వల్లే దిగుబడి గానీ, పంటల సంఖ్య గానీ చెప్పుకోదగ్గంత పెరిగిందనడానికి వాటిలో ఆధారం దొరకలేదని తేల్చాడు. ట్రాక్టర్ రైతుకు ఎక్కువ పండిన చోట చూస్తే, అతను ఎక్కువ ఎరువు వేశాడు, అతనికి ఎక్కువ నీరుంది. ట్రాక్టర్ చేసిన పని ఎద్దులనూ కూలీలనూ తప్పించడం. ఆ మాట అప్పట్లో చాలామందికి రుచించలేదు. ఇన్నేళ్లయినా దాన్ని పూర్తిగా తోసిపుచ్చే పరిస్థితి రాలేదని నా అభిప్రాయం. అయితే దానికి రెండు సవరణలు మాత్రం అవసరం.

మొదటి సవరణ: దిగుబడి పెంచిన యంత్రం ఒకటుంది, దానికి చక్రాలు లేవు. 1971-72 లెక్కల్లో దేశ వ్యవసాయ శక్తిలో పశువుల వాటా 45 శాతం. ట్రాక్టర్లది ఏడున్నర. డీజిల్ ఇంజన్లది 18, కరెంటు మోటార్లది 14. హరిత విప్లవం జోరందుకుంటున్న రోజుల్లో ట్రాక్టర్ కన్నా నీళ్లు తోడే యంత్రం నాలుగు రెట్లు పెద్దదన్నమాట. కొత్త విత్తనానికి వేళకు నీరందించి, ఎరువును పంటకు పట్టించింది అదే. యాంత్రీకరణ అనగానే పత్రికలు ట్రాక్టర్ బొమ్మ వేస్తాయి. బావి గట్టున షెడ్డులో గుర్రుమనే మోటార్‌కు ఫొటోలో చోటుండదు.

ఈ మోటార్ కథ తెలంగాణలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. చెరువులు బాగయ్యాయి, ఎత్తిపోతలు తోడయ్యాయి. 2014-15లో రెండు సీజన్లూ కలిపి 35 లక్షల ఎకరాల దగ్గర ఉన్న వరి 2022-23 నాటికి కోటీ 20 లక్షల ఎకరాలకు చేరింది. వడ్లు 68 లక్షల టన్నుల నుంచి రెండున్నర కోట్ల టన్నులు దాటాయి. విస్తీర్ణం మూడున్నర రెట్లు పెరిగితే ఉత్పత్తి నాలుగు రెట్ల లోపు పెరిగింది. పెరిగిన దానిలో సింహభాగం కొత్త ఎకరాలదే. ఎకరా దిగుబడిది చిన్న వాటా.

మరి అన్ని ఎకరాలు కోసిందెవరు? ఇక్కడే చక్రాల యంత్రానికి మర్యాద ఇవ్వాలి. చేత్తో కోసి, కట్టలు కట్టి, మోసి, నూర్చాలంటే ఎకరాకు పదిహేను మంది కూలీలు ఒక రోజు పనిచేయాలనుకుందాం. ఒక వానాకాలంలో 65 లక్షల ఎకరాలంటే దాదాపు పది కోట్ల పనిదినాలు. నెల రోజుల్లో ముగించాలంటే రోజూ 32 లక్షల మంది పొలంలో ఉండాలి. అంతమంది దొరికే రాష్ట్రం ఎక్కడా లేదు. అదే కోత మిషన్ గంటకు ఎకరం కోస్తే, రోజుకు పది గంటల చొప్పున నెలకు 300 ఎకరాలు. 22 వేల మిషన్లు చాలు. కోతలన్నీ ఒకే నెలలో రావు గనుక నిజానికి ఇంకా తక్కువ సరిపోతాయి. పంజాబ్ నుంచీ తమిళనాడు నుంచీ లారీల మీద మిషన్లు దిగుతాయి, ఒక జిల్లా అయ్యాక మరో జిల్లాకు వెళ్తాయి. హార్వెస్టర్ వల్ల ఎకరాకు ఒక్క గింజ ఎక్కువ పండలేదు. కానీ హార్వెస్టర్ లేకపోతే ఆ కోటీ 20 లక్షల ఎకరాలు వేసే ధైర్యం రైతుకు ఉండేది కాదు.

కోత గంటలో అయిపోయిందని సంబరపడే లోపే చిక్కు ఇంకో చోటికి మారింది. పాత పద్ధతిలో వరి కోసి పనల మీద ఎండబెట్టేవాళ్లు. కుప్ప వేసి, వీలు చూసుకుని నూర్చేవాళ్లు. గింజ కల్లానికి వచ్చేసరికే సగం ఆరి ఉండేది. మిషన్ పచ్చి మీద కోస్తుంది. తేమ 22 నుంచి 25 శాతం ఉంటుంది. ప్రభుత్వం కొనాలంటే 17 శాతానికి మించకూడదు. ఒక లెక్క వేయండి. 24 శాతం తేమ ఉన్న క్వింటాల్ వడ్లలో అసలు సరుకు 76 కిలోలు. దాన్ని 17 శాతానికి ఆరబెడితే తూకం 91.6 కిలోలకు దిగుతుంది. ఎకరాకు 23 క్వింటాళ్లు కోసిన రైతు కాంటా దగ్గర 21 క్వింటాళ్లు చూస్తాడు. గాలిలో కలిసిన ఆ రెండు క్వింటాళ్లూ నీరే. అయినా, దాని పైన మిల్లు దగ్గర తాలు, మట్టి పేరుతో ఇంకొంత తరుగు తీస్తే ఏది నీరో ఏది మోసమో రైతుకు తెలియదు. కొనుగోలు కేంద్రాల దగ్గర జరిగే గొడవల్లో సగం ఈ తరుగు గురించే.

ఆరబెట్టే చోటు ఏదీ? పాత కల్లాలు ప్లాట్లయ్యాయి. తారు రోడ్డే కల్లం అయింది. నవంబరులో, మళ్లీ ఏప్రిల్‌లో తెలంగాణ రోడ్లన్నీ ఒక పక్క పచ్చగా, గింజతో ఉంటాయి. కోత నెలల పని గంటల్లోకి వచ్చింది గనుక అందరి వడ్లూ ఒకే వారంలో కేంద్రానికి చేరతాయి. గోనె సంచులు, హమాలీలు, లారీలు అంత వేగంగా పెరగలేదు. అప్పుడు ఒక్క అకాల వర్షం చాలు, కుప్పలో మొలకలు వస్తాయి. యాంత్రీకరణ పథకాల్లో కోత మిషన్‌కు వచ్చిన రాయితీ, దాని వెనక రావలసిన డ్రయ్యర్‌కు అంత తేలిగ్గా రాలేదు. ఇది ప్రణాళిక వేసినవాళ్ల తప్పే అనిపిస్తుంది నాకు. గొలుసులో ఒక లంకెను మాత్రమే ఇనుముతో చేసి మిగతావి నారతో వదిలేశారు.

భారత వ్యవసాయ పరిశోధన మండలి అంకెల్లోనూ ఈ అతుకుల బొంత కనిపిస్తుంది. ప్రధాన పంటలన్నీ కలిపి చూస్తే దుక్కిలో యంత్రాల వాటా 70 శాతం. విత్తడం, నాట్లలో 40. కలుపు పనిలో మూడో వంతు. కోత, నూర్పిడిలో 34. మొత్తం మీద 47 శాతం. చైనా 60 దగ్గర, బ్రెజిల్ 75 దగ్గర ఉన్నాయని పక్కనే చెబుతుంటారు. 70 నుంచి 40కి జారిన ఆ మెట్టు దగ్గర కాసేపు ఆగాలి. దుక్కి యంత్రం తేలిగ్గా వచ్చింది. మట్టిని ఎవరు తిరగేసినా ఒకటే గనుక వచ్చింది. నాటు అలా కాదు.

వరి నాటు మిషన్‌కు మామూలు నారుమడి పనికిరాదు. ట్రేల్లో గానీ, పలుచని చాపలా గానీ నారు పెంచాలి. 15 నుంచి 18 రోజుల లేత నారు కావాలి. దమ్ము చేసిన పొలం సమంగా ఉండాలి, బురద తేరాలి, నీళ్లు పలుచగా ఉండాలి. నాటు మహిళ ఇవేవీ అడగదు. గుంట ఉంటే గుంటకు తగ్గట్టు, మెరక ఉంటే మెరకకు తగ్గట్టు చేయి ఆడిస్తుంది. పైగా సాళ్ల లెక్క ఉంది. వ్యవసాయ విశ్వవిద్యాలయం వానాకాలానికి చదరపు మీటరుకు 33 కుదుళ్లు, యాసంగికి 44 ఉండాలంటుంది. జపాన్ తరహా మిషన్ సాళ్ల మధ్య 30 సెంటీమీటర్లు వదులుతుంది. కుదురుకూ కుదురుకూ 14 సెంటీమీటర్లు పెడితే వచ్చేది 24 కుదుళ్లే. 33 రావాలంటే కుదుళ్ల మధ్య దూరాన్ని పది సెంటీమీటర్లకు తగ్గించాలి. అంటే ట్రేలూ నారూ పెరుగుతాయి, ఖర్చూ పెరుగుతుంది. గుత్తకు నాటే ముఠాలు కూడా త్వరగా ముగించాలని పలుచగానే నాటుతాయి. కాబట్టి మిషన్ నాటు దిగుబడి ఎక్కువా తక్కువా అని అడిగితే, ఎవరి చేతి నాటుతో పోలుస్తున్నారని ఎదురు అడగాల్సిందే.

ఈ మధ్య కొన్నేళ్లుగా నల్లగొండ నుంచి కరీంనగర్ దాకా బిహార్, బెంగాల్, ఉత్తరప్రదేశ్ నుంచి మగ ముఠాలు నాట్లకు వస్తున్నాయి. తరాలుగా ఆడవాళ్ల చేతి పనిగా ఉన్న నాటు చూస్తుండగానే మగవాళ్ల వలస పని అయింది. మిషన్ రావడానికి ముందే మిషన్ చోటులోకి మనుషులు వచ్చారు. వాళ్లు దొరికినన్నాళ్లు నాటు యంత్రం నెమ్మదిగానే వస్తుంది. వాళ్లు దొరకని చోట రైతు మిషన్ వైపూ వెళ్లడం లేదు. మొలకెత్తిన గింజను డ్రమ్ సీడర్‌తోనో చేత్తోనో చల్లేసి నాటునే ఎత్తేస్తున్నాడు. కలుపు మందు ఖర్చు పెరుగుతుంది, నాటు కూలి మిగులుతుంది. యాంత్రీకరణ శాతం లెక్కల్లో ఈ తెలివి ఎక్కడా నమోదు కాదు.

బిన్స్‌వాంగర్‌కు రెండో సవరణ అనంతపురం ఇస్తుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే ఎర్ర నేలలు. వాన కురిసిన రెండు మూడు రోజులే నేలలో పదును ఉంటుంది. ఆలోపు వేరుశనగ విత్తనం లోపలికి పడకపోతే మళ్లీ వాన కోసం ఆకాశం వైపు చూడాలి. ఎద్దుల గొర్రుతో రోజుకు కొద్ది ఎకరాలే విత్తగలరు. పదెకరాల రైతుకు పదును సగం పొలంలోనే ఆరిపోతుంది. ట్రాక్టర్ వెనక విత్తన గొర్రు కట్టుకుంటే పదెకరాలూ పదునులోనే పడతాయి. ఇక్కడ యంత్రం కొత్తగా దిగుబడి తేలేదు, పోవలసిన దాన్ని పోనివ్వలేదు. మెట్ట సాగులో ఈ తేడా చిన్నది కాదు. నీళ్లున్న డెల్టాలో నాలుగు రోజులు ఆలస్యమైనా పంట ఓర్చుకుంటుంది, మెట్టలో నేల ఓర్చుకోదు. యంత్రం నిజంగా దిగుబడి నిలిపేది ఇక్కడే. రాయితీలు మాత్రం నీళ్లున్న చోటికే ఎక్కువ ప్రవహిస్తుంటాయి.

ఇక సొంత ట్రాక్టర్ సంగతి. 1959లో ఫరీదాబాద్‌లో మొదటి స్వదేశీ ట్రాక్టర్ తయారైంది. ఇప్పుడు మన దేశంలో ఏడాదికి తొమ్మిది లక్షలకు అటూ ఇటూ అమ్ముడవుతున్నాయి. సంఖ్యలో ప్రపంచంలోకెల్లా పెద్ద మార్కెట్ మనదే. అదే సమయంలో సగటు కమతం 1970-71లో 2.28 హెక్టార్లుంటే, 2015-16 నాటికి 1.08కి కుంగింది. తెలంగాణలో 1.00, ఆంధ్రప్రదేశ్‌లో 0.94. పొలం సగమైంది, ట్రాక్టర్లు లక్షలయ్యాయి. ఈ రెండూ ఎలా పొసగుతాయి?

పొసగవు, కిరాయి లేకపోతే. వ్యవసాయ ఇంజనీర్లు ట్రాక్టర్ ఆయుష్షు పదేళ్లనీ, ఏడాదికి వెయ్యి గంటలు తిరగాలనీ లెక్క కడతారు. ఎనిమిది లక్షల బండి అనుకుంటే గంటకు 80 రూపాయలు అరుగుదల. ఐదెకరాల రైతు రెండు పంటలకు ఎకరాకు ఎనిమిదేసి గంటలు వాడినా ఏడాదికి 80 గంటలే. అప్పుడు గంట అరుగుదల వెయ్యి రూపాయలు. డీజిల్, డ్రైవర్, వడ్డీ దాని పైన. మిగతా 920 గంటలు అది ఊరి పొలాల్లోనో, ఇసుక ట్రిప్పుల్లోనో, పెళ్లి సామాను మోయడంలోనో తిరిగితేనే కిస్తీ తీరుతుంది. తిరగనివి ఫైనాన్స్ వాళ్ల యార్డుకు చేరతాయి. చిన్న కమతాలున్న దేశాలన్నీ కనుక్కున్న దారి కిరాయే. బంగ్లాదేశ్‌లో 1988 వరదల్లో పశువులు పెద్ద ఎత్తున పోయాక దిగుమతి ఆంక్షలు సడలించారు. చైనా పవర్ టిల్లర్లు వచ్చాయి. ఒకరు కొని ఊరంతా దున్నిపెట్టారు. ఎకరం, ఒకటిన్నర ఎకరాల రైతులున్న దేశంలో దుక్కి దాదాపు పూర్తిగా యంత్రం మీదికి వెళ్లింది. చైనాలో కోత మిషన్లు పంట పండే క్రమాన్ని పట్టుకుని దక్షిణం నుంచి ఉత్తరానికి వెళ్తాయి. మన దగ్గర 2014-15లో మొదలైన కేంద్ర యాంత్రీకరణ ఉపమిషన్ కిరాయి కేంద్రాలకు సాయం చేస్తుంది. అయినా కోత కాలంలో రైతు ఫోన్ చేసేది పక్క ఊరి మిషన్ యజమానికే. అతను కిరాయి కేంద్రం కన్నా ముందు వస్తాడు మరి.

కూలీల సంగతి రైతు సభల్లో కొరత అనే ఒక్క మాటతో తేలిపోతుంది. దేశంలో పనిచేసేవాళ్లలో 46 శాతం ఇంకా వ్యవసాయంలోనే ఉన్నారు. పల్లెల్లో పనిచేసే ఆడవాళ్లలోనైతే నాలుగింట మూడు వంతులకు పైగా. రైతుకు కొరతగా కనిపించేది కూలీకి అడిగిన కూలి దొరికే పది రోజులు. మిగతా రోజుల్లో పని కొరత ఆమెది. కోత మిషన్ వచ్చాక ఆ పది రోజుల్లో సగం పోయాయి. పరిగె ఏరుకునే గింజలు కూడా పోయాయి.

ఆమెకు ఇంకా మిగిలిన పెద్ద పని పత్తి ఏరడం. తెలంగాణలో 45 లక్షల ఎకరాల దగ్గర పత్తి ఉంది. కోత మిషన్ ఒక్క ఎకరంలోకీ దిగలేదని చెప్పినా పెద్ద తప్పు కాదు. అమెరికాలో 1960ల చివరికే పత్తి దాదాపు అంతా మిషన్లు ఏరాయి. మన దేశ సగటు హెక్టారుకు 440 కిలోల దూది దగ్గర తచ్చాడుతుంటే, బ్రెజిల్ 1,900 దాటింది. ఈ తేడాను మిషన్ లేకపోవడం ఖాతాలో వేయడం మళ్లీ అదే పొరపాటు. మన పత్తిలో ఎక్కువ భాగం వాన మీద ఆధారపడింది. గులాబీ పురుగు ఉంది. అన్నిటికన్నా ముందు మొక్కలే తక్కువ. 90 సెంటీమీటర్ల సాలులో 60 సెంటీమీటర్లకో మొక్క పెడితే ఎకరాకు దాదాపు 7,500 మొక్కలు. గుబురుగా, ఎత్తుగా, నాలుగైదు నెలలు పూస్తూనే ఉండే హైబ్రిడ్ అది. కాయలు ఒక్కసారి పగలవు గనుక మూడు నాలుగు సార్లు ఏరాలి. మిషన్‌కు కావలసింది పొట్టి మొక్క, ఒకేసారి పగిలే కాయ, ముందే రాలిపోయిన ఆకు.

అలాంటి పంటకు సాంద్ర పద్ధతి అని పేరు. అదే సాలులో 15 సెంటీమీటర్లకో మొక్క పెడితే ఎకరాకు 30 వేల దాకా వస్తాయి. మామూలుగా ఎకరాకు రెండు ప్యాకెట్ల విత్తనం వేసే రైతు ఐదారు కొనాలి. 2025లో బీజీ-2 రకం బీటీ విత్తన ప్యాకెట్ గరిష్ఠ ధర 901 రూపాయలు. రెండింటికి 1,802 పెట్టే చోట ఆరింటికి 5,406 పెట్టాలి. హైబ్రిడ్ గనుక వచ్చే ఏడు మళ్లీ కొనాలి. అదంతా జూన్‌లో, తొలకరికి ముందే జేబులోంచి తీయాలి. ఏరే మిషన్ ఆ మండలానికి కిరాయికి వస్తుందో రాదో డిసెంబరులో గానీ తెలియదు. మిషన్ యజమానేమో సాంద్ర పత్తి వందల ఎకరాల్లో ఉంటే గానీ కొననంటాడు. ఈ ఏడాది కూడా ఆదిలాబాద్‌లో, వరంగల్‌లో పత్తి చేలల్లోకి పొద్దున్నే ఆటోల్లో ఆడవాళ్లే దిగారు. నడుముకు గుడ్డ సంచి కట్టుకుని, సాయంత్రం కిలోల లెక్కన తూకం వేయించుకుంటున్నారు.